సివిక్ ఎల్ఎక్స్‌కు ఈఎక్స్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ వేసుకోవడం ఎలా

1996 నుంచి 2000 దాకా అమెరికాలో అమ్మిన హోండా సివిక్‌లో డీఎక్స్, ఎల్ఎక్స్ మోడళ్లకు డీ16వై7 ఇంజన్ వచ్చేది. 1.6 లీటర్లు, వీటెక్ (ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వులను మరింత ఎత్తే ఏర్పాటు) లేదు, 106 హార్స్‌పవర్. అదే బాడీతో వచ్చిన ఈఎక్స్‌లో ఉండేది డీ16వై8. దానికి వీటెక్ ఉంది, 127 హార్స్‌పవర్. నా దగ్గరున్నది 1998 ఎల్ఎక్స్, మాన్యువల్ గేర్లు. దానికి ఈఎక్స్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ వేశాను, అంటే గాలిని నాలుగు సిలిండర్లకూ పంచే పైపుల ముక్క. హెడ్డు (సిలిండర్ల పైన ఉండే భాగం) మీద స్టడ్ల (నట్లు ఎక్కే మరల కడ్డీల) వరస కలుస్తుంది కాబట్టి కొత్తగా చిల్లులు వేసే పని, వెల్డింగ్ పని ఏమీ ఉండదు. విప్పడం తెలిసినవాళ్లు ఇంటి గరాజ్‌లోనే చేసుకోవచ్చు.

ముందే ఒక మాట. ఆ 21 హార్స్‌పవర్ల తేడా మానిఫోల్డ్ ఒక్కదానిది కాదు. వీటెక్ క్యామ్, కాస్త ఎక్కువ కంప్రెషన్ (9.4కు బదులు 9.6), అన్నీ కలిస్తే వచ్చింది. మానిఫోల్డ్ మారిస్తే దొరికేది కొంచెమే. అది కూడా పై ఆర్‌పీఎంలలో, హైవే మీదికి ఎక్కే ర్యాంపులో మూడో గేరు లాగేటప్పుడు తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర పికప్ పెరగాలనుకుంటే ఈ పని పెట్టుకోకండి, అక్కడ ఒక్కోసారి పిసరు తగ్గుతుంది కూడా.

ఎందుకంటే, ఇంజన్ 6000 ఆర్‌పీఎంలో ఉంటే ఒక్కో సిలిండరు సెకనుకు 50 సార్లు గాలి పీలుస్తుంది. ప్రతిసారీ వాల్వు మూసుకోగానే, వస్తున్న గాలి దానికి కొట్టుకుని ఒత్తిడి అల వెనక్కి పోతుంది. కుళాయి టక్కున కట్టేస్తే గోడలో పైపు దబ్బుమంటుంది చూడండి, అదే సంగతి. ఆ అల తిరిగొచ్చే సమయానికి వాల్వు మళ్లీ తెరుచుకుని ఉంటే సిలిండరులోకి కాస్త ఎక్కువ గాలి దూరుతుంది. మానిఫోల్డ్ పైపులు పొడవుగా, సన్నగా ఉంటే ఈ లెక్క తక్కువ ఆర్‌పీఎంలో కుదురుతుంది. పొట్టిగా, వెడల్పుగా ఉంటే ఎక్కువ ఆర్‌పీఎంలో కుదురుతుంది. ఎక్కడో ఒకచోట పెరిగితే ఇంకోచోట తగ్గక తప్పదు. మన బండి ఏ ఆర్‌పీఎంలో ఎక్కువ తిరుగుతుందో చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఇక సామాను. పేరు తెలియని కంపెనీల మెరిసే కొత్త మానిఫోల్డ్‌ల కన్నా స్క్రాప్ యార్డులో దొరికే అసలు హోండా ముక్కే నయమని నా గట్టి అభిప్రాయం. నేను విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి షెడ్డులో పెరిగాను. పాత సామాను ఎలా చూడాలో అక్కడే అలవాటైంది, డల్లాస్ యార్డుల్లోనూ అదే పనికొచ్చింది. హెడ్డుకు ఆనే ముఖం మీద స్టీలు స్కేలు నిలువుగా పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. కింద వెలుగు కనిపిస్తే ఆ ముక్క వంగిపోయినట్టే, వదిలేయండి. వ్యాక్యూమ్ పైపులు ఎక్కే చిన్న ముక్కులు విరిగాయేమో ఒక్కొక్కటీ వేలితో తడిమి చూడండి. మానిఫోల్డ్ ఒక్కటే తెచ్చుకోకండి. థ్రాటిల్ బాడీ (గాలి లోపలికి వదిలే తలుపు ముక్క), దాని మీది సెన్సార్లు, ఐడిల్ వాల్వు, యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకునే బ్రాకెట్, కింద ఆనుకునే సపోర్ట్ బ్రాకెట్, చిన్న కూలెంట్ పైపు ముక్కలు, అన్నీ ఒకే బండి నుంచి తెచ్చుకుంటే తర్వాత తిరుగుడు తప్పుతుంది.

ఐడిల్ వాల్వు దగ్గర మాత్రం ఆగి చూడండి. ఈ హోండాల్లో రెండు తీగల రకం ఉంది, మూడు తీగల రకం ఉంది. మీ బండి కనెక్టర్‌లో ఎన్ని తీగలున్నాయో, తెచ్చుకునే వాల్వుకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి సరిచూసుకోండి. మీ ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఏ రకాన్ని నడపడానికి తయారైందో అదే ఉండాలి. కనెక్టర్ మార్చేసి తీగలు కలిపేస్తే స్లో (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ వేగం) ఎప్పటికీ కుదరదు. గాలి వేడి కొలిచే సెన్సారు తీగ కొత్త చోటికి అందకపోతే సోల్డర్ చేసి పొడిగించాలి, మెలిపెట్టి టేపు చుట్టడం పనికిరాదు.

విప్పడం మొదలుపెట్టే ముందు రాత్రి మానిఫోల్డ్ నట్లన్నిటికీ తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగానే పని మొదలెట్టాలి. రేడియోకు కోడ్ ఉంటే రాసిపెట్టుకుని, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. తర్వాత పెట్రోలు ప్రెషర్ వదలాలి. పెట్రోలు మూత తెరిచి ఉంచి, ఇంజన్ వెనకాల గోడకు ఉన్న ఫిల్టర్ దగ్గరికి రండి. దాని మీది బాంజో బోల్టును (మధ్యలోంచి పెట్రోలు పోయే బోల్టు) ఒక పానాతో కదలకుండా పట్టుకుని, రెండో పానాతో పైనున్న చిన్న సర్వీస్ బోల్టును గుడ్డ కప్పి మెల్లగా ఒక చుట్టు వదులు చేయండి. అమెరికా ఇళ్లలో చాలామందికి గరాజ్‌లోనే గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది. దాని పైలట్ మంట ఆర్పకుండా ఈ పని చేయొద్దు. వీలైతే బండిని బయటికి తోసుకుని చేయండి.

మానిఫోల్డ్ లోంచి కూలెంట్ కూడా పోతుంది కాబట్టి రేడియేటర్ ఖాళీ చేయాలి. ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి, కుక్కలు, పిల్లలు నోట పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మూత ఉన్న డబ్బాలోకే పట్టండి.

ప్రతి పైపుకూ, ప్రతి కనెక్టర్‌కూ పేపర్ టేపు చుట్టి నంబరు వేయండి. అది ఎక్కే చోట కూడా అదే నంబరు. నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే లావు పైపు, పీసీవీ (ఇంజన్ లోపలి ఆవిరి లాగే) పైపు, క్యానిస్టర్ (పెట్రోలు ఆవిరి పట్టే డబ్బా) పైపు, పెట్రోలు రెగ్యులేటర్ పైపు, ఈ నాలుగూ తారుమారైతే బండి స్టార్ట్ అవుతుంది గానీ సరిగా నడవదు.

ఇంజెక్టర్లను (పెట్రోలు చిమ్మే ముక్కులు) ఒక్కొక్కటిగా పీకకండి. ఫ్యూయల్ రైల్ (వాటికి పెట్రోలు అందించే గొట్టం) నట్లు విప్పి, రెండు చివర్లూ పట్టుకుని సమంగా పైకి లేపితే నాలుగూ కలిసి వస్తాయి. వచ్చాక ఓ-రింగులు చూడండి. కొత్త రింగు అడ్డంగా కోస్తే గుండ్రంగా ఉంటుంది, పాతది నొక్కుకుపోయి అంచులు పలకగా తయారవుతుంది. రబ్బరు గాజులా గట్టిపడి ఉంటుంది, గోరుతో నొక్కినా దిగదు. అన్నీ మార్చేయండి. కొత్తవాటికి ఒక చుక్క ఇంజన్ ఆయిల్ రాసి ఎక్కించాలి. ఒక రింగు పోర్టులోనే ఉండిపోయిందేమో టార్చి వేసి చూడడం మరవద్దు.

ఈ బండిలో ఎగ్జాస్ట్ ముందు వైపు, ఇన్‌టేక్ వెనక గోడ వైపు ఉంటుంది. కాబట్టి కింది వరస నట్లు పైనుంచి కంటికే ఆనవు. జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, బండిని ఒకసారి గట్టిగా ఊపి చూశాకే కిందికి దూరండి. ముందుగా సపోర్ట్ బ్రాకెట్ బోల్టులు తీయాలి. తర్వాత 12 నంబరు సాకెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్, వంగే జాయింట్ వేసి నట్లు చివర్ల నుంచి మధ్యకు వదులు చేస్తూ రండి. ఇక్కడ తొందరపడితే నట్టు తలలు అరిగిపోతాయి. నట్టుతో పాటు స్టడ్డే ఊడి వచ్చినా టెన్షన్ పడకండి. దానికి రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి బిగిస్తే, పై నట్టు పట్టుకుని స్టడ్డును మళ్లీ లోపలికి తిప్పేయొచ్చు.

పాత మానిఫోల్డ్ బయటికి రాగానే నాలుగు పోర్టుల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. హెడ్డు మీద పాత ప్యాకింగ్ (గ్యాస్కెట్) నల్లగా వార్నిష్ పూసినట్టు అంటుకుని ఉంటుంది. గ్యాస్కెట్ రిమూవర్ రాసి నాననిచ్చి, ప్లాస్టిక్ గీకుడు ముక్కతో తీయండి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. హెడ్డు అల్యూమినియం, ఇనుప ఉలితో ఒక్క గీత పడినా ఆ గీత వెంటే గాలి లాగుతుంది. డ్రిల్లుకు ఎమెరీ బిళ్ల తగిలించి రుద్దడం ఇంకా ప్రమాదం. ఆ రాయి పొడి ఆయిల్‌లో కలిస్తే బేరింగులు తినేస్తుంది.

కొత్త ప్యాకింగ్‌ను ఒకసారి హెడ్డు మీద, ఒకసారి మానిఫోల్డ్ మీద పెట్టి రంధ్రాలు ఎలా కలుస్తున్నాయో చూడండి. ఈఎక్స్ మానిఫోల్డ్‌కు ఈఎక్స్ ప్యాకింగే కొనండి. కూలెంట్ దారి పూర్తిగా మూసుకుంటోందా అన్నది ముఖ్యం. మానిఫోల్డ్ రంధ్రం హెడ్డు రంధ్రం కన్నా పెద్దదైతే అంచు గోడలా నిలబడి గాలిని కొడుతుంది. ఆ అంచు నునుపు చేయాలంటే హెడ్డు బండి మీద ఉండగా చేయొద్దు, అలాగే వదిలేసినా కొంపేమీ మునగదు.

బిగించేటప్పుడు సిలికాన్ పూయకండి, ప్యాకింగ్ పొడిగానే వేయాలి. అన్ని నట్లూ ముందు చేత్తో ఎక్కించండి, సపోర్ట్ బ్రాకెట్ బోల్టులు కూడా చేత్తోనే. తర్వాత మధ్య నుంచి చివర్లకు, ఒకటి పైన ఒకటి కింద, రెండు మూడు దఫాలుగా 23 న్యూటన్ మీటర్ల దాకా టార్క్ రెంచితో బిగించండి. బ్రాకెట్ చివర్లో బిగించాలి. ముందే బిగిస్తే అది మానిఫోల్డ్‌ను కిందికి లాగి ప్యాకింగ్ ఒక వైపే నొక్కుకుంటుంది. ఫిల్టర్ దగ్గర విప్పిన బోల్టుకు కొత్త వాషర్లు వేయండి.

స్టార్ట్ చేసే ముందు తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి, అలా రెండు మూడుసార్లు. పంపు ప్రెషర్ ఎక్కిస్తుంది. అప్పుడు రైల్ వెంట, ఫిల్టర్ దగ్గర వేలు పెట్టి తడి ఉందేమో చూడండి. ఉంటే స్టార్ట్ చేయకండి. కూలెంట్ పోసి, రేడియేటర్ మూత తీసి ఉంచి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడవనివ్వండి. బుడగలు ఆగి, లోపల హీటరు వేడిగాలి కొడితే ఎయిర్ పోయినట్టే.

వేడెక్కాక స్లో 700 దగ్గర నిలవాలి. ఈ సివిక్ ఇంజన్ కంప్యూటర్ గాలిని నేరుగా కొలవదు, మానిఫోల్డ్‌లో ఒత్తిడి చూసి లెక్క కడుతుంది. అందుకే ఎక్కడైనా గాలి లాగితే దానికి తగ్గట్టు పెట్రోలు కూడా పెంచేస్తుంది. మిస్సింగ్ రాకుండా స్లో మాత్రం పెరిగి కూర్చుంటుంది, లేదా పైకీ కిందికీ ఊగుతుంది. అలాంటప్పుడు స్క్రూ తిప్పి స్లో తగ్గించడం చాలామంది చేసే పని, దానివల్ల లీకు పోదు. చౌకగా దొరికే ఓబీడీ రీడర్ (ఇంజన్ కంప్యూటర్ లెక్కలు చూపే పరికరం) తగిలించి మ్యాప్ (మానిఫోల్డ్ ఒత్తిడి) రీడింగ్ చూడండి. వేడి ఇంజన్, ఏసీ ఆఫ్, డల్లాస్ లాంటి ఎత్తులో 30 నుంచి 40 కిలోపాస్కల్ మధ్య ఉంటే బాగున్నట్టు. అంతకన్నా బాగా ఎక్కువుంటే లీకు వెతకాలి. ఒక రబ్బరు పైపు చెవి దగ్గర పెట్టుకుని రెండో చివర మానిఫోల్డ్ చుట్టూ తిప్పితే బుస్సుమనే చోటు దొరుకుతుంది. వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ చల్లి వెతికే పద్ధతి ఉంది, మంట అంటుకునే ప్రమాదం కాబట్టి నేను చెప్పను. దొరక్కపోతే స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ ఎక్కించి లీకు చూడడం) చేయించండి.

చట్టం సంగతి. టెక్సాస్‌లో పొగ పరీక్ష 24 ఏళ్ల లోపు బండ్లకే, కాబట్టి ఈ పాత సివిక్‌లకు ఇబ్బంది లేదు. కాలిఫోర్నియాలో అలా కాదు, 1976 నుంచి వచ్చిన మోడళ్లలో, మరీ కొత్తవి తప్ప, పెట్రోలు బండ్లకు స్మాగ్ (పొగ) పరీక్ష ఉంది, బానెట్ ఎత్తి సామాను కూడా చూస్తారు. అక్కడివాళ్లు ముందు కనుక్కున్నాకే దిగండి. ఇండియాలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. మన ఊళ్లో పాత హోండా సిటీకి కూడా ఈ డీ కుటుంబం ఇంజనే. విప్పే, బిగించే పద్ధతి దానికీ వర్తిస్తుంది, ఏ ముక్క దేనికి కలుస్తుందో మాత్రం ప్యాకింగ్ పెట్టి చూసుకోవాల్సిందే.

ఓ వారం తిరిగాక, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నట్లు ఇంకోసారి టార్క్ చూడండి. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గిందేమో గమనించండి. టార్చి తీసుకుని కిందికి దూరి, మానిఫోల్డ్‌కూ హెడ్డుకూ మధ్య గీత వెంట ఎండిన కూలెంట్ మరక ఉందేమో చివరిదాకా చూడండి. మరక కనిపిస్తే నట్లు ఇంకా బిగించకండి, మళ్లీ విప్పి కొత్త ప్యాకింగ్ వేయాలి.