నగరం నడిబొడ్డున నివాసం: గది వెతకడం నుంచి రాత్రి నడక దాకా జాగ్రత్తలు

డౌన్‌టౌన్‌లో ఒకే వీధి రోజుకు నాలుగు వేషాలు వేస్తుంది. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు జనంతో కిటకిటలాడుతుంది. సాయంత్రం చీకటిపడేసరికి షట్టర్లు దిగి బోసిపోతుంది. బార్లు మూసే వేళకు తూలేవాళ్ళతో మళ్ళీ నిండుతుంది. సెలవు రోజు మధ్యాహ్నం మనిషి అలికిడే ఉండదు. అందుకే "ఈ ఏరియా మంచిదేనా?" అని అడిగితే సరైన జవాబు రాదు. ఏ గంటకు, ఏ వైపు నుంచి అని కూడా కలిపి అడగాలి.

ఇల్లు ఖాయం చేసుకునే ముందు స్టాపు నుంచి గుమ్మం దాకా కనీసం మూడుసార్లు నడిచి చూడండి: పనిరోజు ఆఫీసులు వదిలిన గంట తర్వాత, వారాంతపు రాత్రి పదకొండు ప్రాంతంలో, సెలవు రోజు మిట్టమధ్యాహ్నం. వెలగని దీపాలను ఎవరైనా గమనిస్తారు. అంతకంటే ముఖ్యమైనది, తలుపూ కిటికీ లేని పొడవాటి గోడలు ఎక్కడున్నాయన్నది. పార్కింగ్ భవనం వెనక భాగమో, పని ఆగిపోయిన కట్టడం చుట్టూ వేసిన రేకులో వంద మీటర్లు సాగితే, ఆ వంద మీటర్లలో మిమ్మల్ని చూసేవాళ్ళుండరు, పక్కకు తప్పుకునే దారీ ఉండదు. దూరం కాస్త ఎక్కువైనా అవతలి వీధిలో నడవడమే మేలు. రోజూ వెళ్ళే దారిలో రాత్రంతా మనుషులుండే చోట్లు రెండు గుర్తుపెట్టుకోండి. హోటల్ లాబీ, ఆసుపత్రి గేటు, కాపలా మనిషి కూర్చునే భవనం, ఏదైనా సరే.

తలుపు

దిగిన మొదటి రోజే తాళం సిలిండర్, అంటే తాళంచెవి దూరి తిరిగే భాగం, మార్పించండి. పాత అద్దెదారు దగ్గర, వాళ్ళ స్నేహితుల దగ్గర, పనివాళ్ళ దగ్గర ఎన్ని మారుచెవులు ఉన్నాయో ఇంటి యజమానికే తెలియదు. తలుపు మొత్తం మార్చనక్కర్లేదు, సిలిండర్ ఒక్కటి మారిస్తే చాలు. కొత్తది తలుపు ముఖం నుంచి రెండు మూడు మిల్లీమీటర్లకు మించి బయటకు పొడుచుకు రాకూడదు. ఎక్కువ వస్తే పట్టకారుతో పట్టి విరిచేస్తారు.

చెక్క చట్రాల విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. ఖరీదైన తాళం వేసి నిశ్చింతగా ఉంటారు. తంతే విరిగేది తాళం కాదు, చట్రం. గడియ నాలుక దూరే లోహపు పట్టీని సాధారణంగా 20 మిల్లీమీటర్ల స్క్రూలతో బిగిస్తారు, అవి పైపై చెక్కనే పట్టుకుంటాయి. వాటిని తీసి 75 మిల్లీమీటర్లవి వేస్తే చట్రం దాటి లోపలి దన్ను దాకా దిగుతాయి. బందుల్లో కూడా ఒక్కోదానికి ఒక పొడవు స్క్రూ వేయండి. గడియ నాలుక కనీసం 25 మిల్లీమీటర్లు బయటకు రావాలి. ఇదంతా అరగంట పని.

లోపలి నుంచి కూడా తాళంచెవితోనే తెరుచుకునే గడియ మాత్రం పెట్టకండి. అగ్నిప్రమాదం జరిగితే పొగలో తాళంచెవి వెతుక్కోవడం కుదరదు. తీయడానికి వీలులేని కిటికీ ఊచలతోనూ అదే ప్రమాదం. దొంగను ఆపడం ఎంత అవసరమో మీరు బయటపడగలగడం అంతకంటే అవసరం.

ఎత్తయిన భవనాల్లో బయటివాళ్ళు ఎక్కువగా లోపలికి వచ్చే తీరు ఇది: మీరు గేటు తెరుస్తారు, వాళ్ళు మీ వెనకే నడిచి వస్తారు. చేతుల నిండా పెట్టెలతో, నవ్వు మొహంతో వస్తే ఎవరైనా తలుపు పట్టుకుంటారు. మొహమాటపడకుండా "ఎవరింటికి వచ్చారో వాళ్ళకి ఫోన్ చేయండి, వాళ్ళే తెరుస్తారు" అని చెప్పి తలుపు మూసేయండి. పైకి తప్పుగా కనిపించినా నిజమైన అతిథి దీనికి నొచ్చుకోడు. గేటు దగ్గరి పేర్ల పలకపై మీ ఇంటిపేరు ఒక్కటే ఉంటే చాలు. తాళాల గుత్తికి చిరునామా, ఫ్లాట్ నంబరు తగిలించకండి.

నడక

1981లో బెట్టీ గ్రేసన్, మారిస్ స్టైన్ అనే పరిశోధకులు న్యూయార్క్‌లో దారిన పోయేవాళ్ళను వాళ్ళకు తెలియకుండా వీడియో తీసి, దాడి కేసుల్లో శిక్ష అనుభవిస్తున్న ఖైదీలకు చూపించారు. ఎవరి మీద పడడం తేలిక అని అడిగితే ఖైదీల ఎంపికలు చాలావరకు కలిశాయి. తేడా నడకలో ఉంది: అడుగు మరీ పొడుగ్గానో పొట్టిగానో పడడం, చేతులకూ కాళ్ళకూ పొంతన లేకపోవడం. దీన్నిబట్టి ఛాతీ విరుచుకుని నడవమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. నటన పది నిమిషాలకు మించి నిలవదు. వెళ్ళాల్సిన దారి ముందే చూసుకుని, కాలికి పట్టే చెప్పులు వేసుకుని, ఒక చెయ్యి ఖాళీగా ఉంచుకుంటే నడక దానంతటదే కుదురుకుంటుంది. మ్యాప్ చూడాలంటే నడుస్తూ చూడకండి. గోడకు వీపు ఆనించి నిలబడి, చూసి, ఫోన్ లోపల పెట్టి కదలండి.

ఇయర్‌ఫోన్ ఒక చెవికే ఉండాలి. శబ్దాన్ని అణిచేసే రకమైతే రాత్రిపూట అసలే వద్దు. ఇంకో సంగతి: చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. వెలుగు పెంచిన స్క్రీన్ కొద్దిసేపు చూసినా ఆ అలవాటు చాలావరకు పోతుంది. చీకటి సందులోకి మలుపు తిరిగే ముందు మెసేజ్ చదవడం అంత అనువుకాని పని ఇంకోటి లేదు.

ఫుట్‌పాత్ మీద బండ్లు ఎదురుగా వచ్చే వైపు నడవండి, సంచి గోడవైపు భుజాన ఉండాలి. బైకు మీద వచ్చి లాక్కుపోయేవాళ్ళకు వెనక నుంచి రావడమే అనువు. సంచి పట్టీ ఒంటికి అడ్డంగా వేసుకుంటే జేబుదొంగకు కష్టమే, కానీ బైకువాడు లాగితే మీరూ దాని వెంట ఈడ్చుకుపోతారు. బండ్ల రద్దీ ఉన్న వీధిలో ఒక భుజానికే తగిలించి, లాగితే వదిలేయడం మంచిది. రద్దీ రైళ్ళలో అడ్డంగా వేసుకుని ముందుకు తిప్పుకోండి. మూలల్లో భవనాల గోడకు రాసుకుంటూ తిరగకుండా రెండు మూడు మీటర్ల వెడల్పుగా తిరిగితే అవతల ఎవరున్నారో ఒక అడుగు ముందే కనిపిస్తుంది.

దొంగల గురించి ఇంత చెప్పుకున్నా, రోజువారీ ముప్పు మాత్రం బండ్లదే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవర్ మిమ్మల్ని చూసి బ్రేకు మీద కాలు వేసే ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. పచ్చదీపం వెలిగినా మలుపు తిరిగే బండ్లవైపు చూశాకే దిగండి. బస్సు, లారీ ముక్కుకు ఆనుకుని దాటకండి, ఎత్తులో కూర్చున్న డ్రైవర్‌కు ఆ జాగా కనిపించదు.

దగ్గరికి వచ్చేవాళ్ళు

డౌన్‌టౌన్‌లో చెయ్యి చాచేవాళ్ళు, తమలో తాము మాట్లాడుకునేవాళ్ళు, కేకలు వేసేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళలో ఎక్కువమంది వల్ల మీకు ఏ హానీ ఉండదు. తేరిపార చూడకండి, వాదించకండి, వేగం మార్చకుండా కాస్త ఎడంగా సాగిపోండి. జాగ్రత్తపడాల్సింది మాట కలిపి ఆపేవాళ్ళతో. టైమెంత అని అడగడం, దారి అడగడం, చొక్కా మీద ఏదో ఒలకబోసి తుడవడానికి రావడం, సంతకం పెట్టమని అట్ట చాపడం, అన్నిటి పనీ ఒకటే: మీ కాళ్ళు ఆగాలి, కళ్ళు ఒకచోట నిలవాలి. రెండోవాడు అప్పుడు వస్తాడు. "తెలియదండీ" అని నడుస్తూనే చెప్పండి.

ఎంత దూరం దూరమవుతుంది? 1983లో డెనిస్ ట్యూలర్ అనే అమెరికన్ పోలీసు శిక్షకుడు లెక్క కట్టి చూపించాడు: కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగులను సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడు. శిక్షణ ఉన్న పోలీసుకే అంత వ్యవధి బొటాబొటి. కాబట్టి అనుమానం కలిగినవాడు రెండు చేతుల దూరం దాకా వచ్చేవరకు ఆగి చూద్దామనుకోవడం పొరపాటు. అవతలి ఫుట్‌పాత్‌కు మారిపోవాల్సింది ఇరవై ముప్పై అడుగులున్నప్పుడే. మర్యాద తక్కువైందేమోనన్న బెంగ ఆ తర్వాత పడవచ్చు.

ఎవరో వెంటపడుతున్నారనిపిస్తే రోడ్డు దాటండి. వాళ్ళూ దాటితే మళ్ళీ ఇవతలికి రండి. రెండుసార్లు వెంట దాటినవాడు ఊరికే రాలేదు. అప్పుడు ఇంటివైపు మాత్రం వెళ్ళకండి, మీ గుమ్మం వాడికి చూపించినట్టవుతుంది. ముందు గుర్తుపెట్టుకున్న రెండు చోట్లలో దగ్గరిదానికి వెళ్ళి లోపల ఉన్నవాళ్ళకు చెప్పండి, అక్కడి నుంచే ఫోన్ చేయండి. దారిలో సాయం అడగాల్సివస్తే గాల్లోకి "కాపాడండి" అని అరిస్తే అందరూ పక్కవాడి వంక చూస్తారు. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటనే చేసిన ప్రయోగాల్లో చుట్టూ ఇంకా మనుషులున్నారని అనుకున్నకొద్దీ ఒక్కొక్కరూ కదలడం ఆలస్యమైంది. ఒక్కరిని వేలెత్తి చూపించి పిలవండి: "నీలం చొక్కా అన్నా, పోలీసులకు ఫోన్ చెయ్యండి, వీడు నా వెంట పడుతున్నాడు."

ఆయుధం చూపించి అడిగితే ఇచ్చేయండి. చెప్పి చేయండి: "పర్సు వెనక జేబులో ఉంది, తీస్తున్నా." చెప్పకుండా చెయ్యి జేబులోకి పోతే ఆయుధం తీస్తున్నారని వాడు అనుకోవచ్చు. తీసుకున్నాక వాడు ఎటు పోతే మీరు దానికి వ్యతిరేక దిశలో పోండి, వెంబడించకండి. అయితే బండి ఎక్కమన్నా, సందులోకి నడవమన్నా ఆ లెక్క వేరు. అక్కడికి వెళ్తే సాక్షులుండరు. నలుగురు చూసే చోటునే అరవడం, పరుగెత్తడం, పెనుగులాడడం తక్కువ ప్రమాదం.

పెప్పర్ స్ప్రే కొన్ని దేశాల్లో చట్టవిరుద్ధం, ముందు అది తెలుసుకోండి. అనుమతి ఉన్నా సంచి అడుగున ఉంటే దండగ. ఎదురుగాలిలో, లిఫ్టులో కొడితే మీ కళ్ళే ముందు మండుతాయి. డబ్బా మీది గడువు దాటితే లోపలి ఒత్తిడి తగ్గి ధార దూరం పోదు. లోపల గింజ లేని ఈల, 120 డెసిబెల్స్ పైన మోగే చిన్న అలారం వీటికంటే నమ్మకం, పైగా చట్టంతో ఏ తంటా లేదు. లిఫ్టులో ఎక్కితే మీటల పలక పక్కనే, గోడకు వీపు పెట్టి నిలబడండి. ఎక్కేవాడిని చూసి మనసు కీడు శంకిస్తే ఏదో మర్చిపోయినట్టు దిగిపోండి.

ఫోన్

ఇప్పుడు దొంగకు ఫోన్ కంటే అందులో ఉన్న బ్యాంకు విలువైనది. కిక్కిరిసిన చోట మీ భుజం మీదుగా పాస్‌కోడ్ చూసి, తర్వాత లాక్కుంటారు. వీధిలో వేలిముద్రతోనో మొహంతోనో తెరవండి, కోడ్ కొట్టాల్సివస్తే గోడవైపు తిరగండి. ఆటో లాక్ 30 సెకన్లకు పెట్టండి.

ఐఫోన్‌లో 2024 జనవరిలో ఐఓఎస్ 17.3తో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే కోడ్ తెలిసిన దొంగ కూడా ఖాతా పాస్‌వర్డ్ మార్చలేడు, ముఖం గానీ వేలిముద్ర గానీ కావాలి, పైగా గంటసేపు ఆగాలి. కానీ మీ ఇల్లు, ఆఫీసు లాంటి తెలిసిన చోట్లలో ఈ ఆంక్ష సడలుతుంది. డౌన్‌టౌన్‌లో ఉండేవాళ్ళ ఫోన్ పోయేది ఆ చుట్టుపక్కలే కాబట్టి "ఎప్పుడూ" అనే ఎంపిక పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్ ఉంది, చేతిలోంచి లాక్కుని పరుగెత్తిన కుదుపును పసిగట్టి స్క్రీన్ మూసేస్తుంది. సెట్టింగుల్లో వెతికి ఆన్ చేయండి.

చాలామంది వదిలేసేది సిమ్ పిన్, అంటే సిమ్‌కే వేసే అంకెల తాళం. ఫోన్ ఎంత గట్టిగా లాక్ చేసినా సిమ్ ఊడదీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ అక్కడికే వస్తాయి. పిన్ పెడితే అది ఆగుతుంది. ఆన్ చేసే ముందు కంపెనీ ఇచ్చిన మొదటి పిన్ కనుక్కోండి. మూడుసార్లు తప్పు కొడితే పక్ కోడ్, అంటే ఆగిన సిమ్‌ను తెరిచే కంపెనీ కోడ్, అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా పనికిరాదు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌ల సారం కనిపించకుండా కూడా చేయండి.

*#06# కొడితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరును, అంటే ఫోన్ గుర్తింపు సంఖ్యను, ఇంట్లో కాగితం మీద రాసుకోండి. ఖాతాల రికవరీ కోడ్‌లూ పక్కనే ఉంచండి. ఇవి లేకపోతే వేరే ఫోన్ నుంచి లాగిన్ అవబోతే, ధ్రువీకరణ అంకెలు పోయిన ఫోన్‌కే పోతాయి.

ఫోన్ పోయాక వరస ఇది. ముందు ఎవరి ఫోన్ నుంచైనా పోయినదాన్ని లాస్ట్ మోడ్‌లో పెట్టండి, అంటే దూరం నుంచే దానికి తాళం వేయండి, నెట్ తెగేలోపు ఆదేశం చేరాలి. వెంటనే సిమ్ ఆపించండి, తర్వాత బ్యాంకు, ఆపై ఈమెయిల్ పాస్‌వర్డ్. పోలీసు ఫిర్యాదులో ఐఎంఈఐ రాయించండి. మ్యాప్‌లో చుక్క కనిపించిందని ఒంటరిగా ఆ ఇంటికి వెళ్ళకండి. కొన్నాళ్ళకు "మీ ఫోన్ దొరికింది, ఈ లింకులో లాగిన్ అవండి" అని మెసేజ్ వస్తుంది. పాస్‌వర్డ్ కోసం దొంగలు వేసే ఎర అది. ఖాతాలోంచి ఆ పరికరాన్ని తీసేయమని ఎంత బతిమాలినా, బెదిరించినా తీయకండి, తీస్తే తాళం విడిపోయి దాన్ని కొత్తదానిలా అమ్ముకుంటారు.

సంచిలో తాళాలూ, చిరునామా ఉన్న గుర్తింపు కార్డూ కలిసి పోతే మాత్రం బ్యాంకు పని అవగానే ఆ రాత్రే సిలిండర్ మార్పించండి. తాళాలవాడు దొరకకపోతే లోపలి గడియ వేసుకోండి, సిలిండర్ మారేదాకా ఇంట్లో ఎవరో ఒకరు ఉండేట్టు చూసుకోండి.