బక్రీద్ ఖుర్బానీ ఎలా చేయాలి? పొట్టేలు కొనేకాడ నుంచి తోలు ఇచ్చేదాకా

ఈసారి మొదటిసారి సొంతంగా ఖుర్బానీ (అల్లా పేరున జీవాన్ని కోయడం) ఇవ్వబోయేవాళ్ల కోసం రాస్తున్నా. ఇస్లాం ధర్మశాస్త్రంలో మాది హనఫీ పద్ధతి కాబట్టి అదే చెప్తా, షాఫయీ అనే ఇంకో పద్ధతి వాళ్లకి కొన్ని తేడాలుంటాయి, మీ మసీదు ఇమామ్ సాబ్‌ని ఒకసారి అడగండి.

ముందు మీ మీద వాజిబ్, అంటే తప్పనిసరి, అవుతుందో లేదో చూసుకోండి. అప్పులూ ఇంటి అవసరాలూ పోను మీ దగ్గర 612.36 గ్రాముల వెండి, అంటే యాభై రెండున్నర తులాల వెండి విలువ చేసేంత మిగులుంటే వాజిబే. జకాత్‌కి (ఏటా ఇచ్చే తప్పనిసరి దానం) లాగా ఆ సొమ్ము ఏడాది పాటు ఉండక్కర్లేదు, ఆ పండగ రోజుల్లో ఉంటే చాలు. ఇంటికొక పొట్టేలు అని చాలామంది లెక్కేస్తారు గానీ, భార్యకి అంత మిగులు సొంతంగా ఉంటే ఆమె ఖుర్బానీ ఆమెకి వేరే. జిల్‌హజ్ (బక్రీద్ వచ్చే నెల) నెలవంక కనపడ్డాక ఖుర్బానీ అయ్యేదాకా జుట్టూ గోళ్లూ తీయకుండా ఉండటం మంచిది, కటింగ్ ఉంటే ముందే చేయించుకోండి.

ఇక జీవాన్ని కొనడం. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. మేకకైనా గొర్రెకైనా ఏడాది నిండాలి, గేదె జాతికి రెండేళ్లు, ఒంటెకి ఐదు. ఆరు నెలలు దాటిన గొర్రె బాగా బలిసి ఏడాదిదాని పక్కన నిలబెడితే తేడా తెలీకుండా ఉంటే చెల్లుతుంది, మేకకి మాత్రం ఈ సడలింపు లేదు. వయసు తెలియాలంటే పళ్లు చూడాలి. వీటికి పైదవడలో ముందు పళ్లే ఉండవు, కింద 8 చిన్న పాలపళ్లు ఉంటాయి, ఏడాది దాటాక మధ్యలో రెండు ఊడిపోయి వాటి చోట వెడల్పాటి పళ్లు రెండు వస్తాయి. సంతలో "రెండు పళ్లు" అంటారే, అదే ఇది. ఒక చేత్తో తల ఆనించి పట్టుకుని, బొటనవేలితో కింది పెదవి లాగి మీరే చూడండి, పగటిపూట చూడండి. ఒక ఏడాది మేము పండగ ముందు రోజు రాత్రి బల్బు వెలుతుర్లో మేకపోతుని కొన్నాం, రెండు పళ్లు వేసింది అన్నాడు అమ్మినాయన, మేమూ నమ్మేశాం, తెల్లారి మా నాన్న పెదవి లాగి చూస్తే ఎనిమిదీ పాలపళ్లే. పెంచినాయన్ని కనుక్కుంటే దానికి తొమ్మిది నెలలే. నమాజు చూసుకుని మళ్లీ సంతకి పరిగెత్తాల్సి వచ్చింది.

పళ్లయ్యాక నాలుగు అడుగులు నడిపించండి. గుడ్డిదీ, ఒంటికన్నుదీ, కోసే చోటుదాకా నడవలేనంత కుంటిదీ, ఎముకల్లో మూలుగ లేనంత చిక్కిపోయిందీ పనికిరావు. చెవి గానీ తోక గానీ మూడో వంతు కంటే ఎక్కువ తెగి ఉన్నా, కొమ్ము మొదలంటా విరిగినా వద్దు. పుట్టుకతోనే కొమ్ముల్లేకపోతే ఫర్వాలేదు, వట్టలు కొట్టించింది అయినా చెల్లుతుంది. గేదె, ఒంటె లాంటి పెద్ద జంతువులో ఏడుగురు వాటా కలవొచ్చు, కాకపోతే ఏడుగురిలో ఒక్కడు మాంసం కోసమే కలిసినా మిగతా ఆరుగురిదీ పోతుంది, అందుకే ఎవరితో కలుస్తున్నామో చూసుకోండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 1977 చట్టం ప్రకారం ఆవునీ దూడల్నీ కోయకూడదు, మిగతా పశువులకి కూడా కోయొచ్చని ఇచ్చే సర్టిఫికెట్ సంగతి ముందే కనుక్కోండి.

ఇంటికి తెచ్చాక రెండు మూడు రోజులన్నా నీడలో కట్టేసి మేత వేయండి. బండ్లో కుక్కి తెచ్చిన జీవం బెదిరిపోయి ఉంటుంది, నీళ్లు కూడా ముట్టదు. మా దాదీ (నానమ్మ) అయితే దగ్గర కూర్చుని వీపు నిమురుతూ అవిశాకు ఒక్కో రెమ్మ చేత్తో తినిపించేది, రెండో రోజుకి అది ఆమె కొంగు లాగేది. పిల్లలు దాంతో మాలిమి అయిపోయి పండగరోజు ఏడుస్తారు, ఏడవనివ్వండి, కసురుకోవద్దు.

టైము చూద్దాం. జిల్‌హజ్ 10న ఈద్ నమాజు అయ్యాకే మొదలు, 12న సూర్యాస్తమయంతో ఆఖరు. నమాజుకి ముందు కోస్తే అది ఉత్త మాంసం, ఖుర్బానీ కాదు, మళ్లీ ఇంకోటి కోయాలి. ఊళ్లో ఏదో ఒక మసీదులో నమాజు అయిపోతే చాలు, మీరు చదవకపోయినా కోయొచ్చు.

కత్తి ముందురోజే బాగా నూరి పెట్టుకోండి, దాని కళ్లముందు నూరకూడదు, ఒకదాని ముందు ఇంకోదాన్ని కోయకూడదు, కాళ్లు పట్టి ఈడ్చుకెళ్లకూడదు. కోసేటప్పుడు కూడా మంచిగా కోయండి, కత్తి నూరుకుని జీవానికి సుఖమివ్వండి అని ప్రవక్త (స) చెప్పారు, సహీ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. నీళ్లు తాగించి ఎడమపక్కకి మెల్లగా పడుకోబెట్టండి, తల దక్షిణానికి, కాళ్లు పడమటికి వస్తే మన దగ్గర ఖిబ్లా (మక్కాలోని కాబా) వైపే అవుతుంది. "బిస్మిల్లాహి అల్లాహు అక్బర్" అని ఆపకుండా కోసేయాలి. గాలిగొట్టం, అన్నం వెళ్లే గొట్టం, రెండు పక్కల రక్తనాళాలు, ఈ నాలుగింట్లో మూడన్నా తెగాలి. మెడ ఎముక దాకా పోనివ్వొద్దు, తల వేరు చేయొద్దు. సొంత చేత్తో కోస్తే మేలు, ఆడవాళ్లైనా కోయొచ్చు, చేయి వణికేవాళ్లు తెలిసినవాళ్లకి అప్పజెప్పి పక్కన నిలబడండి. మొద్దు కత్తితో నాలుగుసార్లు రుద్దడం కంటే అదే నయం.

తర్వాత ఆగండి. కదలిక పూర్తిగా ఆగి చల్లబడేదాకా తోలు మీద కత్తి పెట్టొద్దు. కసాయి తొందరపెడతాడు, పాపం ఆ రోజు అతనికి పది ఇళ్లుంటాయి, అయినా మీరు గట్టిగా ఆపండి.

కసాయి కూలి డబ్బులుగా ఇవ్వాలి, తలకాయో తోలో కూలి కింద ఇస్తే కుదరదు. కూలి ఇచ్చేశాక మామూలుగా మాంసం పెట్టొచ్చు. తోలు మదర్సాకో పేదవాళ్లకో ఇవ్వండి, అమ్మితే ఆ డబ్బు దానం చేయాల్సిందే. ఈమధ్య తోలుకి ధర లేదని చెత్తలో పడేస్తున్నారు, దయచేసి లోపలివైపు గల్లుప్పు బాగా పట్టించి ఇస్తే ఎవరికైనా పనికొస్తుంది.

మాంసం మూడు వాటాలు వేసి ఇంటికొకటి, బంధువులకీ స్నేహితులకీ ఒకటి, పేదలకి ఒకటి ఇవ్వడం మంచిది. పిత్తం, మూత్రసంచి, వట్టలు, గడ్డలు (గ్రంథులు) తీసేయాలి. ముస్లిం కానివాళ్లకి కూడా ఇవ్వొచ్చు, మా వీధిలో తినేవాళ్లందరికీ వెళ్తుంది, వాళ్ల ఉగాది బొబ్బట్లు మాకొచ్చినట్టే. పేదల వాటాలో ఎముకలూ కొవ్వూ సర్దేసి మెత్తటి తొడమాంసం మన ఫ్రిజ్‌లో పెట్టుకోవద్దు, అన్ని రకాల మాంసమూ కలిపి మూడు వాటాలూ వేయండి, వాళ్లది ముందు పంపించేయండి, మధ్యాహ్నానికి వాళ్ల పొయ్యి మీద కూడా కూర ఉడకాలి.

రక్తం కాలవలోకి వదలకుండా గుంట తీసి పూడ్చండి, పేగులూ పెంటా కవర్లో మూటగట్టి మున్సిపాలిటీ బండికే ఇవ్వండి, నేల కడిగి బ్లీచింగ్ చల్లండి.