టెప్లిజుమాబ్ డ్రిప్ 14 రోజులే, జాగ్రత్తలు మొదలయ్యేది రెండు నెలల ముందు

టైప్ 1 డయాబెటిస్ రెండో దశలో, అంటే రెండో అంతకన్నా ఎక్కువో ఆటోయాంటీబాడీలు (ఒంటి సొంత కణాలనే లక్ష్యం చేసుకునే ప్రతిరక్షకాలు) కనిపించి, షుగర్ కాస్త అదుపు తప్పి, లక్షణాలు ఇంకా మొదలుకాని దశలో ఇచ్చే మందు టెప్లిజుమాబ్. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల మీది సీడీ3 అనే ప్రొటీన్‌ను పట్టుకుని, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలపై వాటి దాడిని తగ్గిస్తుంది. 2019లో ప్రచురితమైన 76 మంది పరీక్షలో, వ్యాధి మూడో దశకు, అంటే లక్షణాలు బయటపడే దశకు, చేరే మధ్యస్థ వ్యవధి మందు తీసుకోనివారిలో సుమారు 24 నెలలు, తీసుకున్నవారిలో 48.

తేదీ ఖరారు కాకముందే టీకా కార్డు తీయండి. ఎమ్మెమ్మార్, చికెన్‌పాక్స్ లాంటి సజీవ టీకాలు బాకీ ఉంటే మొదటి డ్రిప్‌కు కనీసం 8 వారాల ముందు, ఫ్లూ ఇంజెక్షన్ లాంటి నిర్జీవ టీకాలైతే 2 వారాల ముందు వేయించాలి. అది దాటిపోతే కోర్సు ముగిశాక నిర్జీవ టీకాలకు 6 వారాలు, సజీవ టీకాలకు 52 వారాలు ఆగాల్సిందే. పిల్లల విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

రక్తపరీక్షలో తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు 1000, న్యూట్రోఫిల్స్ 1500, ప్లేట్‌లెట్లు లక్షన్నర, హిమోగ్లోబిన్ 10 కన్నా తక్కువుంటే మొదలుపెట్టకూడదు. లివర్ ఎంజైములు సాధారణ పరిమితికి రెట్టింపు దాటినా అంతే. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే, చిన్న జ్వరమే కదా అని దాచకండి.

మోతాదు శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఉంటుంది: చదరపు మీటరుకు మొదటి రోజు 65 మైక్రోగ్రాములు, తర్వాత వరుసగా 125, 250, 500, ఐదో రోజు నుంచి 1030. ఇలా మెట్లుగా ఎందుకంటే, మందు అంటుకోగానే టీ కణాలు సైటోకైన్లనే సంకేత ప్రొటీన్లను వదులుతాయి. జ్వరం, వికారం, ఒళ్లునొప్పులు వస్తాయి. అందుకే కనీసం మొదటి 5 రోజులు డ్రిప్‌కు ముందు పారాసిటమాల్, అలర్జీ మాత్ర, అవసరమైతే వాంతుల మందు ఇస్తారు. డ్రిప్ అరగంటకు తక్కువ కాకూడదు.

లెక్క తప్పేది కలిపే బల్ల దగ్గరే. 2 మి.లీ. సీసాను 18 మి.లీ. సెలైన్‌లో కలిపితే మి.లీ.కి 100 మైక్రోగ్రాములు. 1.2 చదరపు మీటర్ల బిడ్డకు మొదటి రోజు 0.78 మి.లీ., ఐదో రోజు 12.36 మి.లీ. చుక్క ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది కాబట్టి రెండో మనిషి విడిగా లెక్కగట్టి సరిచూడాలి. సీసాను నెమ్మదిగా తిప్పాలే తప్ప కుదపకూడదు.

ఐదో రోజుకల్లా లింఫోసైట్లు బాగా పడిపోతాయి. కంగారు వద్దు, మందు ఆపకుండానే తిరిగి పెరుగుతాయి. 500 లోపే వారమో అంతకు మించో ఉండిపోతేనే ఆపాలి. ఒక రోజు తప్పితే మర్నాడు ఆ మోతాదుతోనే కొనసాగించి మిగతావి వరుసగా పూర్తి చేయాలి. ఒకే రోజు రెండు మోతాదులు ఎప్పుడూ వద్దు.

ఈ మందు జబ్బును వాయిదా వేస్తుంది, తీసేయదు. కోర్సు అయ్యాక కూడా దాహం పెరిగినా, రాత్రిళ్లు మూత్రానికి పదేపదే లేచినా, బరువు తగ్గినా అదే రోజు షుగర్ చూడండి. వాంతులు, వేగంగా ఊపిరి తీయడం తోడైతే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) చూసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.