ఫ్లూ టీకాకు వెళ్లే ముందు క్లినిక్‌లో ఫ్రిజ్ చూడండి

పోయిన వారం మా వీధిలో ఒక పెద్దాయనను అర్ధరాత్రి ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చారు. షుగరు ఉంది, పాత ఉబ్బసం కూడా. పరీక్షలో ఫ్లూ అని తేలింది. "నెల క్రితమే టీకా వేయించాం కదమ్మా, మరి ఇదేమిటి?" అని కోడలు నన్ను నిలదీసింది. ఎలా తెచ్చారని అడిగితే సంగతి బయటపడింది. సాయంత్రం మెడికల్ షాపులో మామగారికి, తనకు చెరొక సూది కొన్నారు. క్లినిక్‌కు వెళితే డాక్టరుగారు లేరు. పాడవకూడదని ఇంటికి తెచ్చి ఫ్రీజర్‌లో ఐస్ ట్రే పక్కన పెట్టారు. తెల్లారి గడ్డకట్టిన సిరంజీలను అరచేతుల మధ్య కరిగించి, తీసుకెళ్లి వేయించుకున్నారు.

22 ఏళ్లు నర్సుగా టీకాల ఫ్రిజ్ చూసుకున్నదాన్ని. సవ్యంగా ఉన్న టీకా వేయించుకున్నా కొందరికి ఫ్లూ వస్తుంది, కాదనను. అయితే ప్రాణం మీదికి రావడం తగ్గుతుంది. గడ్డకట్టిన సూది మీద ఆ నమ్మకం కూడా పెట్టుకోలేం.

ఎప్పుడు వేయించుకోవాలి: మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి-మార్చి మధ్య మరోసారి పుంజుకుంటుంది. తిరుపతిలో అయితే పెరటాసి (తమిళ నెల, సెప్టెంబరు-అక్టోబరు) శనివారాల రద్దీ, బ్రహ్మోత్సవాలు, ఆ వెనకే ఈశాన్య రుతుపవనాల వానలు వస్తాయి, వాటికి ముందే వేయించుకోవాలి. ఒంట్లో రక్షణ ఏర్పడటానికి 2 వారాలు పడుతుంది. పక్కింట్లో దగ్గు వినబడ్డాక పరిగెత్తితే ఆలస్యమే. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి.

ఎవరికి: పెద్దవాళ్లకు, షుగరు, గుండె, కిడ్నీ, ఉబ్బసం జబ్బులున్నవాళ్లకు ముందుగా. 6 నెలలు నిండని పసివాళ్లకు వేయరు. తల్లి గర్భంతో ఉన్నప్పుడు వేయించుకున్నదే వాళ్లకు అండ. 9 ఏళ్లు నిండని పిల్లలకు మొదటిసారైతే 4 వారాల తేడాతో 2 డోసులు.

ఇక చల్లదనం సంగతి. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికి చెడిపోతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా చెడిపోతుందని చదువుకున్నవాళ్లకు కూడా తెలియదు. విరిగిన పాలైతే చూడగానే పారబోస్తాం. గడ్డకట్టి కరిగిన టీకా మాత్రం మామూలుగానే కనబడుతుంది, రంగు మారదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: ఫ్రీజర్‌లో పెట్టకండి.

క్లినిక్ ఫ్రిజ్‌లో ఉన్న టీకానే వేయించుకోండి. అక్కడ లేకపోతే తెప్పించమని చెప్పి, వచ్చాక వెళ్లండి. మీరే కొనక తప్పకపోతే డాక్టరుగారు సీట్లో ఉన్నారని ఫోను చేసి కనుక్కున్నాకే కొనండి. తీసుకెళ్లేటప్పుడు ఐస్ ప్యాక్ సిరంజికి నేరుగా తగలకూడదు, మధ్యలో గుడ్డ ఉండాలి. స్కూటరు డిక్కీలో వేయకండి. దారిలో కూరగాయలకు ఆగకండి.

క్లినిక్‌లో ఫ్రిజ్ చూపించమని అడగండి, మొహమాటపడకండి. థర్మామీటరు ఉందా? కరెంటు పోతే ఏం చేస్తారు? టీకాల పక్కన పెరుగు గిన్నె కనబడితే లేచి వచ్చేయండి. డబ్బా మీద గడువు తేదీ, ఏ సీజను టీకానో మీ కళ్లతో చదవండి. గట్టి జ్వరం ఉంటే తగ్గాక వెళ్లండి. ఇంతకుముందు ఏ టీకాకైనా ఒళ్లు దద్దుర్లెక్కి ఊపిరాడకపోయి ఉంటే ముందే చెప్పండి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. సూది అయ్యాక కనీసం 15 నిమిషాలు అక్కడే కూర్చోండి. వెంటనే బండెక్కకండి. చేయి నొప్పి, కాస్త ఒళ్లు వెచ్చబడటం ఒకటి రెండు రోజులుంటాయి. ఈ సూదిలో బతికున్న వైరస్ ఉండదు, దాని వల్ల ఫ్లూ రాదు. ఆ తర్వాత ఎప్పుడైనా జ్వరంతో ఆయాసం వస్తే యాంటీబయాటిక్ కొని మింగుతూ ఇంట్లో కూర్చోకండి, అది వైరస్ మీద పనిచేయదు. ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే ఎక్కువ మేలు. మళ్లీ చెబుతున్నాను, ఫ్రీజర్‌లో పెట్టకండి. రాత్రికి మాత్రమే అని కూడా పెట్టకండి. గడ్డకట్టిందని అనుమానం వస్తే డబ్బు పోయినా సరే, ఆ సూది వేయించుకోకండి.

అలాంటిది ఇప్పటికే వేయించుకున్నవాళ్లు దాచకుండా డాక్టరుకు చెప్పి, మళ్లీ వేయించుకోవాలా అని అడగండి. ఆ కోడలికీ అదే చెప్పాను. మామగారు కోలుకున్నాక ఇద్దరూ క్లినిక్‌కు వెళతారట, ఈసారి ఖాళీ చేతులతో.