సొంతంగా బండి అమ్ముతున్నారా? పని ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు, ఏం చేయాలి

స్ప్లెండర్ అమ్మేసిన పద్నాలుగు నెలలకి నా ఫోన్‌కి చలానా మెసేజ్ వచ్చింది. పోలీసుల చలానా సైట్‌లో బండి నంబర్ కొట్టి చూస్తే ఫోటో కనిపించింది. ముగ్గురు కుర్రాళ్లు, ఒక్కరికీ హెల్మెట్ లేదు, వెనక మడ్‌గార్డ్ మీద మా అమ్మాయి అంటించిన సీతాకోకచిలుక స్టిక్కర్ మాత్రం చెక్కుచెదరలేదు. డబ్బులు చేతికొచ్చాయి కదా అని నేను మర్చిపోయిన బండి, రికార్డుల్లో ఇంకా నాదే. చలానా కట్టడం పెద్ద విషయం కాదు. అదే బండి ఎవరినైనా గుద్ది ఉంటే ఏంటి పరిస్థితి అన్న ఆలోచనతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత మా వ్యాగన్ఆర్ అమ్మాను, బంధువుల బళ్లు రెండు దగ్గరుండి అమ్మించాను. నేను చూసిన ఇబ్బందులు ఎదురయ్యే వరసలోనే రాస్తున్నాను. నాది హైదరాబాద్, కానీ ఫారాలు కేంద్ర చట్టం ప్రకారం ఉంటాయి కాబట్టి ఆంధ్రలో ఉన్నవాళ్లకీ చాలావరకు ఇదే.

ప్రకటన పెట్టి వారమైంది, ఫోన్లే లేవు. చేసినా అందరూ పాత బళ్లు కొని అమ్మే కన్సల్టెన్సీ వాళ్లే

కారణం దాదాపు ఎప్పుడూ ధరే. మనం కొన్న ధర, పెట్టిన ఖర్చు, బండి మీద మమకారం అన్నీ కలిపి ఒక అంకె అనుకుంటాం, కొనేవాడికి ఇందులో ఏదీ అక్కర్లేదు. మీ ఊళ్లోనే అదే మోడల్, అదే సంవత్సరం, కాస్త అటూ ఇటూగా అన్నే కిలోమీటర్లు తిరిగిన బళ్లు ఒక పది చూడండి. అవి వాళ్లు అడుగుతున్న ధరలే తప్ప అమ్ముడైన ధరలు కావని గుర్తుపెట్టుకోండి. తర్వాత ఇద్దరు ముగ్గురు కన్సల్టెన్సీ వాళ్లకి చూపించి ఎంతిస్తారో అడగండి. అమ్మే ఉద్దేశం లేకపోయినా అడగండి, అది మీ కింది హద్దు. మీరు చెప్పే ధర ఈ రెంటికీ మధ్యలో, బేరానికి కాస్త చోటుంచి ఉండాలి.

రెండో కారణం ప్రకటనలో సమాచారం లేకపోవడం. 'గుడ్ కండిషన్, అర్జెంట్ సేల్' అని రాస్తే అందులో ఏముందని ఫోన్ చేస్తారు? ఏ నెల, ఏ సంవత్సరం రిజిస్ట్రేషన్, ఎన్నో ఓనరు, ఎన్ని కిలోమీటర్లు, ఇన్సూరెన్స్ ఏ తేదీ దాకా ఉంది, టైర్లు ఎప్పుడు మార్చారు, ఫైనాన్స్ ఉందా లేదా, ఇవన్నీ రాయండి. గీతలు, సొట్టలు ఉంటే వాటికీ దగ్గర నుంచి ఫోటో తీసి పెట్టండి. దాస్తే ఇంటికొచ్చి చూసి వెళ్లిపోతారు, మీ ఆదివారం, వాళ్ల ఆదివారం రెండూ పోతాయి.

బండి చూడకుండానే 'ఫైనల్ అండీ, డబ్బు పంపిస్తున్నా' అంటున్నారు

ఇది మోసం. ఇంకో కారణం వెతకొద్దు. ఆర్మీలో పని చేస్తున్నానని, వేరే ఊరికి బదిలీ అయిందని చెప్పి యూనిఫాం ఫోటో కూడా పంపుతారు, ఆపైన క్యూఆర్ కోడ్ పంపి 'స్కాన్ చేయండి, మీ అకౌంట్లో డబ్బు పడుతుంది' అంటారు. డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు మన అకౌంట్లోంచి పోతున్నట్టే. ఫోన్ కట్ చేసి నంబర్ బ్లాక్ చేయండి. ఒకవేళ ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, గంటల్లో చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం ఉంటుంది.

ఆర్‌సీ, ఆధార్ ఫోటోలు వాట్సాప్‌లో అడిగిన ప్రతివాళ్లకీ పంపకండి. మనిషి వచ్చి, బండి చూసి, బేరం కుదిరాక ఇస్తే చాలు. ఆధార్ జిరాక్స్ మీద అడ్డంగా 'ఫలానా నంబర్ బండి అమ్మకానికి మాత్రమే' అని తేదీ వేసి సంతకం పెట్టండి.

వచ్చి చూస్తున్నారు, 'ఫోన్ చేస్తాం' అని వెళ్తున్నారు, మళ్లీ చేయట్లేదు

ఇక్కడ నాలుగైదు కారణాలు ఉంటాయి, మీది ఏదో మీరే కనుక్కోవాలి.

వాళ్లు వచ్చేసరికి ఇంజన్ వేడిగా ఉందా? పొద్దున్నే స్టార్ట్ చేసి సిద్ధంగా పెట్టడం మంచి పనే అనుకుంటాం. తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చేవాళ్లు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తారు. వెచ్చగా తగిలితే, చల్లటి ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కి అందుకోదేమోనని, పొగ దాస్తున్నారేమోనని అనుమానం. మా వ్యాగన్ఆర్ చూడ్డానికి వచ్చిన మొదటి ఇద్దరూ అలాగే వెళ్లిపోయారు. మూడో ఆయన వచ్చే ముందు రోజు రాత్రి నుంచి బండి ముట్టుకోలేదు, ఆయన చేతే తాళం తిప్పించాను.

ఇన్సూరెన్స్ అయిపోయిందా, పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీ దాటిందా? ఇవి లేకుండా పేరు మార్పే జరగదు, కాబట్టి కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. బండి మీద పాత చలానాలు ఉన్నాయా? నంబర్ కొట్టి చూస్తే ఎవరికైనా తెలిసిపోతాయి, ప్రకటన పెట్టకముందే కట్టేయండి. సర్వీస్ బిల్లులు ఒక కవర్లో వరసగా పెట్టుకుంటే మీ మాటకి బలం వస్తుంది.

ఇక రిపేర్ల విషయం. ఆగిపోయిన హారన్, పగిలిన ఇండికేటర్, పట్టని బ్రేకు లాంటి చిన్నవి చేయించండి. క్లచ్ ప్లేట్లు, సస్పెన్షన్, మొత్తం పెయింటింగ్ లాంటి పెద్దవి అమ్మకం కోసం చేయించొద్దు. పెట్టిన డబ్బు ధరలో తిరిగి రాదు, పైగా కొత్త పెయింట్ చూస్తే యాక్సిడెంట్ బండి అనుకుంటారు. నిజంగా యాక్సిడెంట్ అయి ఉంటే మీరే ముందు చెప్పండి, బిల్లు చూపించి ఏ భాగం మార్చారో చెప్పండి. చెప్పినందుకు ఐదో పదో వేలు తగ్గొచ్చు. దాచిపెట్టి, బండి తీసుకెళ్లిన వారానికి వాళ్ల మెకానిక్ చెబితే, ఆ కుటుంబం మీ గుమ్మం ముందు నిలబడుతుంది, వాళ్ల కోపంలోనూ న్యాయం ఉంటుంది.

ట్రయల్ ఇచ్చేటప్పుడు లైసెన్స్ అడిగి చూడండి. కారైతే పక్కన కూర్చోండి, బైకైతే వాళ్లు వచ్చిన బండి తాళమో, వాళ్లతో వచ్చిన మనిషో మీ దగ్గర ఉండాలి. మొహమాటపడొద్దు.

బేరం కుదిరింది, కానీ ఆర్‌సీలో ఏదో అడ్డం పడుతోంది

ఎక్కువగా ఫైనాన్సే. ఈఎంఐలు అయిపోయి మూడేళ్లైనా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటుంది, ఎందుకంటే బ్యాంకు ఇచ్చిన ఎన్ఓసీని, అంటే అభ్యంతరం లేదన్న పత్రాన్ని, బీరువాలో పెట్టి ఊరుకుంటాం. ఆ ఎన్ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో హెచ్‌పీ (ఆర్‌సీలో ఉన్న ఫైనాన్స్ నమోదు) తీయించాలి. ఎన్ఓసీ మీద గడువు రాసి ఉంటే, అది దాటిపోయి ఉంటే, బ్యాంకు నుంచి కొత్తది తెచ్చుకోవాలి. ఇదంతా కొనేవాడు అడ్వాన్స్ ఇచ్చాక మొదలుపెడితే వారాలు పడుతుంది, ఈలోపు ఆయన వేరే బండి చూసుకుంటాడు.

బండి చనిపోయిన నాన్నగారి పేరు మీదుందా? చాలా ఇళ్లలో ఉండే సమస్య ఇది. ఆయన పేరు మీద నుంచి నేరుగా అమ్మలేరు, ఆయన సంతకం మీరు పెట్టడం నేరం. ముందు ఫారం 31తో వారసుల్లో ఒకరి పేరు మీదకి మార్పించాలి. చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలని, 3 నెలల్లో దరఖాస్తు పెట్టాలని నిబంధన. మరణ ధ్రువీకరణ పత్రం, మీసేవలో తీసుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులకి అభ్యంతరం లేదన్న కాగితం సిద్ధం చేసుకోండి. ఆలస్యమైపోయినా వెళ్లి చేయించుకోండి, ఆగినకొద్దీ అన్నదమ్ముల సంతకాలు కూడగట్టడమే పెద్ద పనైపోతుంది.

ఆర్‌సీకి ఉన్న ఫోన్ నంబర్ మీరు ఎప్పుడో వదిలేసిన సిమ్‌ది అయితే ఓటీపీ మీకు రాదు, ముందే మార్పించుకోండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు దాటి ఉంటే రెన్యువల్ చేయించాకే పేరు మార్పు, ఆ ఖర్చు ఎవరిదో బేరంలోనే తేల్చుకోండి. హైదరాబాద్ బండిని విజయవాడ ఆయన కొంటే, 2014 తర్వాత అది వేరే రాష్ట్రం కింద లెక్క. ఫారం 28తో ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ కావాలి, అక్కడ ఆయన మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ సంగతి ఆయనకి తెలుసో లేదో మీరే అడిగి చూడండి, తెలియక కొనేవాళ్లు ఉన్నారు.

డబ్బు దగ్గర తేడా వస్తోంది

చెక్కు తీసుకుని బండి ఇచ్చేయడం వద్దు. మెసేజ్ చూసి కూడా ఇచ్చేయకండి, మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్‌లో పడిందో లేదో చూడండి. ఒక అమ్మకానికి 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవాళ్ల మీదే అంత జరిమానా పడుతుంది. కాబట్టి కారైతే బ్యాంకు ద్వారానే తీసుకోండి. అడ్వాన్స్ తీసుకున్నప్పుడు మిగతాది ఏ తేదీలోపు ఇవ్వాలో, ఇవ్వకపోతే అడ్వాన్స్ ఏమవుతుందో నాలుగు లైన్లు రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

బండి ఇచ్చేసి నెలలైంది, చలానాలు ఇంకా నాకే వస్తున్నాయి

నా స్ప్లెండర్ విషయంలో జరిగింది ఇదే. ఒక కన్సల్టెన్సీ ఆయన 'ఇక్కడిక్కడ సంతకాలు పెట్టండి సార్, మిగతాది మేం చూసుకుంటాం' అంటే ఖాళీ ఫారాల మీద పెట్టేశాను. తేదీ లేదు, కొనేవాళ్ల పేరు లేదు. అలా సంతకాలు పెట్టిన ఫారాలతో బండి చేతులు మారుతూ పోతుంది, ఎవరూ తమ పేరు మీదకి మార్చుకోరు, ఖర్చు దండగ అనుకుంటారు.

ఇది చలానాలతో పోదు. 2009లో జరిగిన ఒక ప్రమాదంలో ఒక పిల్లాడు చనిపోయాడు. ఆ కారు అప్పటికే కొన్ని చేతులు మారింది, రికార్డుల్లో మాత్రం మొదటి ఓనరు పేరే ఉంది. పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీ కడుతుంది. కానీ కొన్నవాడు రెన్యువల్ చేయించకుండా తిప్పుతుంటే? అందుకే ఈ ఒక్క భాగం మాత్రం నెమ్మదిగా చదవండి.

అమ్మేరోజు ఫారం 29 (బండి అమ్మినట్టు తెలిపేది) రెండు కాపీలు, ఫారం 30 (పేరు మార్పు దరఖాస్తు), పూర్తిగా నింపాకే సంతకం పెట్టాలి. ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. దాంతో పాటు అమ్మకం కాగితం ఒకటి రాసుకోండి. బండి నంబర్, ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్, ధర, డబ్బు ఎలా అందింది, బండి అప్పగించిన తేదీ, టైము. టైము ఎందుకంటే సాయంత్రం 6 గంటలకి అప్పగిస్తే 6:30కి బండి మీ చేతిలో లేదని చూపించుకోవడానికి ఉన్న ఆధారం అదే. కొన్నాయనతో, బండితో కలిపి ఒక ఫోటో తీసుకోండి. ఆయన ఆధార్, పాన్ కాపీలు తీసుకోండి.

బండి అమ్మినట్టు 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాల్సింది అమ్మినవాళ్లే, వేరే రాష్ట్రానికి వెళ్తే 45 రోజులు. కొన్నాయనకి 30 రోజులు. ఆయన మీద వదిలేయకుండా స్లాట్ మీరే బుక్ చేయించి, ఆ రోజు కలిసి వెళ్లండి. 'మీరు రానక్కర్లేదండీ' అంటారు, అయినా వెళ్లండి. మా వ్యాగన్ఆర్‌కి నేనలాగే వెళ్లాను. ఛాసిస్ నంబర్ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతుంటే అంకెలు ఒక్కొక్కటే తేలడం దగ్గరుండి చూశాను, రసీదు ఫోటో తీసుకున్నాకే ఇంటికొచ్చాను.

కన్సల్టెన్సీకే అమ్మాలనుకుంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్లు కొని అమ్మే డీలర్లకి రిజిస్ట్రేషన్ అథారిటీ ఇచ్చే అనుమతి పత్రం ఉండాలన్న నిబంధన ఉంది. అలాంటి డీలర్‌కి అప్పగించినట్టు రికార్డుల్లోకి ఎక్కితే, అక్కడి నుంచి బాధ్యత డీలర్‌ది. ఆ పత్రం చూపించమని అడగండి, లేదంటే ఇవ్వకండి.

మరి ఇప్పటికే అమ్మేసి ఇరుక్కుంటే? ముందు కొన్నాయనకి ఫోన్ చేయండి, చాలామంది అడిగితే చేయించుకుంటారు. దొరక్కపోతే మీ దగ్గరున్న కాగితాలతో ఆర్టీఏలో రాతపూర్వకంగా తెలియజేసి ముద్ర వేసిన కాపీ తీసుకోండి, అలాగే పోలీస్ స్టేషన్‌లో అర్జీ ఇవ్వండి. డబ్బు అందిన బ్యాంకు స్టేట్‌మెంట్, అప్పటి వాట్సాప్ మాటలు, ఏదున్నా జత చేయండి. నా దగ్గర కన్సల్టెన్సీ రసీదు ముక్క ఒక్కటే ఉంది, దాన్ని పట్టుకుని నాలుగుసార్లు తిరిగితే గానీ బండి ఎవరి దగ్గరుందో తేలలేదు.

పేరు మారింది, ఇంకా ఏమైనా మిగిలిందా?

ఉంది, రెండు. ఇన్సూరెన్స్ కొత్త ఓనరు పేరు మీదకి మారాలి, దానికి ఆయన 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. ఏళ్ల తరబడి క్లెయిమ్ చేయకుండా మీరు కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీదే, బండిది కాదు. ప్రీమియంలో (థర్డ్ పార్టీ భాగం కాకుండా) ఆ తగ్గింపు 50 శాతం దాకా ఉండొచ్చు. కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే 3 ఏళ్లలోపు కొనే కొత్త బండికి వాడుకోవచ్చు, అడక్కపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు.

రెండోది కారుకి ఫాస్టాగ్. మీ బ్యాంకు అకౌంటుకో వాలెట్‌కో కలిసి ఉన్నది అద్దం మీద అలాగే ఉంటే, ఆయన సూర్యాపేట దాటినప్పుడల్లా టోల్ మీకు పడుతుంది. బండి అప్పగించే ముందే స్టిక్కర్ పీకేసి, జారీ చేసిన బ్యాంకుకి చెప్పి క్లోజ్ చేయించండి, అందులో మిగిలిన డబ్బు వెనక్కి తీసుకోండి. ఎక్కడ అడగాలో తెలియకపోతే 1033కి చేయండి. పాతది క్లోజ్ అయితేనే ఆయన అదే కారుకి కొత్తది తీసుకోగలడు, కాబట్టి ఈ పని ఆ రోజే అయిపోతే ఇద్దరికీ మంచిది.