ముసలి కుక్క కిడ్నీలో గడ్డ కనిపిస్తే నిర్ధారణ ఎలా చేయించాలి?

పదేళ్లు దాటిన కుక్కను మరేదో కారణానికి స్కానింగ్‌కు తీసుకెళ్తాం. రిపోర్టులో ‘ఎడమ కిడ్నీలో గడ్డ’ అని వస్తుంది. ఇంట్లో అందరూ అక్కడికక్కడే క్యాన్సర్ అని తేల్చేసుకుంటారు. నీటి తిత్తి, చీముగడ్డ, మూత్రం కిందికి దిగక ఉబ్బిపోయిన కిడ్నీ కూడా చేతికి గడ్డలాగే తగులుతాయి. అయితే గట్టి గడ్డ అని తేలితే, ఆ వయసులో అనుమానం క్యాన్సర్ మీదికే పోతుంది. అందుకే పరీక్షలు వరుసగా జరగాలి.

1. అది కిడ్నీదేనా?

ముసలి కుక్కల్లో ఎడమవైపు గడ్డ తగిలితే అది ప్లీహానిది కావడమే ఎక్కువ. కుడి కిడ్నీ పక్కటెముకల చాటున ఉండటంతో చేతికి సరిగా అందదు. తేల్చాల్సింది అల్ట్రాసౌండే. ముందురోజు రాత్రి నుంచి తిండి ఆపండి, నీళ్లు ఇవ్వచ్చు. స్కానింగ్ చేసే డాక్టరును మూడు విషయాలు అడగండి: లోపల ఉన్నది నీరా, గట్టి కండా? ఒక కిడ్నీలోనా, రెండింటిలోనా? రెండో కిడ్నీ ఎలా ఉంది?

రెండింటిలోనూ ఉంటే లింఫోమా (తెల్లరక్తకణాల్లో వచ్చే క్యాన్సర్) గానీ, వేరేచోటి నుంచి పాకిన క్యాన్సర్ గానీ కావచ్చు. జర్మన్ షెపర్డ్ అయితే కాళ్ల మీద, తల మీద చెయ్యి వేసి నిమరండి. చర్మం కింద గట్టి బుడిపెలు తగిలితే డాక్టరుకు చెప్పండి. ఆ జాతిలో బుడిపెలతో పాటు రెండు కిడ్నీల్లోనూ కణితులు వచ్చే వంశపారంపర్య జబ్బు ఉంది.

2. రక్తం, మూత్రం

మూత్రం పట్టడం మన పనే. పొడవాటి పిడి ఉన్న గరిటెను వేణ్నీళ్లతో కడిగి ఆరబెట్టి, పొద్దున్నే తొలి మూత్రం వేళకు వెనక నుంచి నెమ్మదిగా జరపాలి. మా కుక్క మొదటి రోజు మూత్రం ఆపేసి గరిటె వైపే చూస్తూ నిలబడింది. మూడో రోజుకు గానీ శాంపిల్ దొరకలేదు. చేతికి తొడుగు వేసుకోండి, లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మూత్రం ద్వారా మనుషులకు అంటుతుంది. గంటలోపు ల్యాబుకు చేర్చలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి.

రక్తపరీక్షలో కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్ మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండకండి. కిడ్నీల పనితనంలో దాదాపు ముప్పాతిక భాగం పోయాక గానీ అది పెరగదు. అందుకే మూత్రం చిక్కదనం, అందులో ప్రొటీన్, రక్తం చూడాలి. రక్తపోటు కూడా కొలవాలి. ఎర్రకణాలు మరీ ఎక్కువగా ఉంటే అదీ ఒక సూచనే. కొన్ని కిడ్నీ కణితులు రక్తం ఊరించే హార్మోనును అతిగా తయారుచేస్తాయి.

3. ఛాతీ ఎక్స్‌రే

ఖరీదైన పరీక్షల కంటే ముందే, మూడు కోణాల్లో తీయించండి. గడ్డ ఊపిరితిత్తులకు పాకి ఉంటే తర్వాతి నిర్ణయాలన్నీ మారిపోతాయి.

4. గడ్డలోకి సూది గుచ్చి పరీక్షకు తీయాలా?

అందరూ తొందరపడేది ఇక్కడే. కిడ్నీలో రక్తప్రవాహం ఎక్కువ, గుచ్చితే రక్తస్రావం కావచ్చు. కణితి కణాలు సూది దారిలో అంటుకునే ప్రమాదమూ కొంత ఉంది. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా అనే జబ్బు, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను పడగొడుతుంది కనుక వాటి లెక్క చూడకుండా సూది వేయించవద్దు. లింఫోమా అనుమానం ఉంటే సన్న సూదితో తీసి చూడటం మంచిదే, దానికి కోత కాదు, మందులే వైద్యం. గడ్డ ఒకే కిడ్నీలో ఉండి, ఛాతీ శుభ్రంగా ఉంటే చాలామంది సర్జన్లు ముక్క తీయరు. కిడ్నీనే తీసేసి పరీక్షకు పంపుతారు. నాకు ఆ పద్ధతే సబబనిపిస్తుంది.

5. రెండో కిడ్నీ

ఆపరేషన్ తర్వాత కుక్క బతకాల్సింది దానితోనే. రంగు మందుతో తీసే సీటీ స్కాన్‌లో దాని ఆకారం, గడ్డ పెద్ద సిరలోకి పాకిందా లేదా తెలుస్తాయి. రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య కళాశాలల్లో నిపుణులు దొరుకుతారు. సీటీ సౌకర్యం ఉందో లేదో ముందే ఫోనులో కనుక్కోండి. 2006లో 82 కుక్కలపై వచ్చిన ఒక అధ్యయనంలో, కిడ్నీ కార్సినోమా (ఒక రకం క్యాన్సర్) ఉన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 16 నెలలు, అంటే సగం కుక్కలు అంతకన్నా ఎక్కువ కాలం బతికాయి. ముసలి కుక్కకు అది చిన్న కాలమేమీ కాదు.

ఈలోగా నొప్పికని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు వేయకండి, ఉన్న కిడ్నీ కూడా దెబ్బతింటుంది. స్కానింగ్ సెంటరులో రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా బొమ్మలను కూడా పెన్‌డ్రైవ్‌లో అడిగి తెచ్చుకోండి. సర్జన్ మొదట అడిగేది అవే.