ఫియట్టా, అంబాసిడరా? బేరానికి ముందు చూడాల్సినవి

పాత కారు కొనాలనుకుంటున్నారా? సొంతంగా నడిపే సరదా ఉంటే ప్రీమియర్ పద్మిని, అంటే జనం ఫియట్ అని పిలిచే బండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఊరి బాట పట్టాలంటే అంబాసిడర్. పద్మినిది ఇటలీ ఫియట్ 1100 వంశం, 1089 సీసీ ఇంజన్, తేలికైన బండి. అంబాసిడర్‌ది ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం, పాత పెట్రోలు ఇంజన్ 1489 సీసీ, తొందరపడే రకం కాదు. కానీ బేరం దగ్గర ఈ తేడాలన్నీ తర్వాతి సంగతి. చిలుం (తుప్పు) లేని అంబాసిడర్ దొరికితే చిలుం తిన్న పద్మినిని మర్చిపోండి.

ఎందుకంటే రెండింటికీ విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) లేదు, రేకే బలం. అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి తలుపుల అడుగున, గడపల మీద, హెడ్‌లైట్ల చుట్టూ జరపండి. పట్టుకోని చోట పుట్టీ ఉన్నట్టే. మ్యాట్లు ఎత్తి స్క్రూడ్రైవర్‌తో ఫ్లోర్ రేకును పొడవండి. వెనక కమాన్‌కట్టలు (లీఫ్ స్ప్రింగులు) బిగించిన చోటు, డిక్కీలో స్టెప్నీ గుంట తప్పక చూడాలి. అక్కడ రేకు మెత్తబడితే వెల్డింగ్, డెంటింగ్, పెయింటింగ్ కలిసి బండి ధరను దాటిపోవచ్చు. ఇంజన్ పని దానికన్నా నయం.

ముందు చక్రాన్ని జాకీతో లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే, ఒకరిని బ్రేక్ తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఆట ఆగితే బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు) అరిగింది. వేళకు గ్రీజు కొట్టని బండ్లకు ఇది మామూలే.

నల్లగొండ వైపు బండి అయితే రేడియేటర్‌పై అనుమానం పెట్టుకోండి. ఏళ్లతరబడి బోరు నీళ్లు పోస్తే గొట్టాల లోపల సున్నం గడుతుంది, నీళ్లు తిరగవు, మే ఎండలో వేడి ముల్లు పైకి లేస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి చూడండి. తెల్ల పొర కనిపిస్తే రేడియేటర్ విప్పి రాడ్డింగ్ (గొట్టాల్లో సన్నని ఊచలు దూర్చి శుభ్రం చేయడం) చేయించి, డిస్టిల్డ్ వాటర్‌లో సగానికి సగం కూలెంట్ కలిపి పోయాలి. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడలాంటిది అంటుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నట్టు, ఇంజన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్‌లో నడిపి చూడటం మంచి పరీక్ష. ఎక్కేటప్పుడు నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు, దిగి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే వస్తే వాల్వ్ గైడ్లు అరిగినట్టు. దిగేటప్పుడు చిన్న గేరులో ఉంచండి, డ్రమ్ బ్రేకులు వేడెక్కితే పట్టు తప్పుతాయి.

ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, అది పాత రబ్బరును తినేస్తుంది. కొన్న వారంలోనే పెట్రోలు పైపులు, పంపులోని రబ్బరు పొర (డయాఫ్రమ్) మార్పించండి.

ఆర్సీలో ఇంజన్, ఛాసిస్ నంబర్లు బండి మీదివాటితో కలవాలి. డీజిల్ ఇంజన్ ఎక్కించిన అంబాసిడర్లు చాలా ఉన్నాయి, ఆర్సీలో పెట్రోలనే ఉంటే వదిలేయండి. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే దాన్ని రోజువారీ తిప్పుకోవడానికి వీల్లేదు.